బెల్లానికి రంగు కాదు, రుచి చూడండి

(గాజువాకలో ఉక్కు కార్మికుల కుటుంబాలు, చెరకు రైతులు కలిసి కూర్చున్న సభలో రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగం. సభ్యులు అడిగినందున పాఠం ఇస్తున్నాం.)



రైతు సంఘం వాళ్లు మైకు పట్టుకుంటే ఎరువుల గురించో, కాలవల గురించో, కరెంటు మీటర్ల గురించో మాట్లాడతారని మీరు అనుకుని ఉంటారు. ఈ పూట మాత్రం బెల్లం ఎలా చూసి కొనాలి, ఎలా తినాలి అన్నదే చెప్తాం. గిట్టుబాటు ధర మాట అందులోనే వస్తుంది. బెల్లం గురించి మాట్లాడి, ధర మాట ఎత్తకుండా ఇంటికి పోయిన చెరకు రైతు ఇంతవరకూ లేడు.

ఈ సభలో సగం మందిమి చెరకు వేసేవాళ్లం. మిగతా సగం మంది నెలనెలా బెల్లం కొనేవాళ్లు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి మీ పక్కనే అనకాపల్లిలో ఉంది. అయినా మీ ఇంటికి చేరే బెల్లం ఏ చెరకుది, ఏ పెనంలో కాగింది, అందులో ఏం కలిసింది అన్నది మీకు తెలియదు. మేం వండిన బెల్లం ఎవరి వంటింటికి పోతుందో మాకూ తెలియదు. మన ఇద్దరి మధ్యా నడిచే మాట ఒక్కటే, రంగు. దుకాణానికి వెళ్లి మీరు అడిగేది 'మంచి పసుపు రంగులో, తెల్లగా ఉన్న బెల్లం చూపించండి' అని. ఆ మాటే దుకాణదారు వర్తకుడికి చెప్తాడు. వర్తకుడు యార్డులో దిమ్మల వరుస ముందు నిలబడి అదే చూస్తాడు. లేత పసుపు దిమ్మకి మొదటి రకం ధర, ముదురు దిమ్మకి మూడో రకం ధర. ఆ ధర తిరిగి గానుగ దగ్గరికి వచ్చి, పెనంలో ఏం వెయ్యాలో నిర్ణయిస్తోంది. మీతో మాకు పని పడింది ఇక్కడే.

కొంచెం దూరం పోయి వద్దాం. పట్నంలో పెద్ద దుకాణాల్లో ఇప్పుడు బాల్సమిక్ వెనిగర్ అని ఒక నల్లటి సీసా కనిపిస్తోంది. పిల్లలు పచ్చి కూరగాయ ముక్కల మీద చుక్కలు చుక్కలుగా వేసుకుంటున్నారు. అదేమిటా అని చూస్తే మన బెల్లానికి వేలు విడిచిన చుట్టమే. ఇటలీలో మోడెనా, రెజియో ఎమీలియా అని రెండు పక్కపక్క జిల్లాలు. అక్కడి రైతు కుటుంబాలు ద్రాక్ష రసాన్ని, మనం చెరకు రసం కాచినట్టే, మూతలేని పెనాల్లో గంటల తరబడి కాస్తారు. చిక్కబడిన రసాన్ని పులియబెట్టి, పెద్దదాని పక్కన చిన్నది చొప్పున వరుసగా పేర్చిన చెక్క పీపాల్లో ఏళ్లకి ఏళ్లు ఉంచుతారు. ఏటా కొంత ఆవిరైపోతుంది. చిన్న పీపాలో తగ్గినంతా దాని పక్క పెద్ద పీపాలోంచి పోస్తారు. సంప్రదాయ రకం అని ముద్ర పడాలంటే కనీసం 12 ఏళ్లు. బాగా పాత రకం అనిపించుకోవాలంటే 25 ఏళ్లు. అప్పుడు కూడా రైతు తనంతట తాను సీసాలో పోసి అమ్ముకోవడానికి లేదు. రుచి చూసేవాళ్ల మండలి ఒకటి ఉంటుంది. ఎవరి పీపాదో చెప్పకుండా వాళ్ల ముందు పెడతారు. వాసన, చిక్కదనం, పులుపూ తీపీ కలిసిన తీరు చూసి మార్కులు వేస్తారు. నెగ్గితేనే 100 మిల్లీలీటర్ల చిన్న సీసా, దాని మీద ముద్ర.

అది పై రకం. దుకాణంలో మామూలుగా దొరికేది కింది రకం. ద్రాక్ష పాకంలో వైన్ వెనిగర్ కలిపి 60 రోజులు చెక్కలో ఉంచితే దానికి సరిపోతుంది. రంగు నిలకడగా ఉండటానికి మాడ్చిన చక్కెర రంగు 2 శాతం దాకా కలుపుకోవచ్చని వాళ్ల నిబంధనే ఒప్పుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు సీసా వెనక చీటీ చదివి కొంటారు. ముందు ద్రాక్ష పాకం పేరు ఉందా, వెనిగర్ పేరు ఉందా చూస్తారు. పాకం పేరు ముందుంటే పాకమే ఎక్కువ, రుచి తియ్యగా, చిక్కగా ఉంటుంది. రంగు కలిపారా లేదా అన్నదీ అక్కడే తెలుస్తుంది. పై రకాన్ని పొయ్యి మీద మరిగించి పాడుచేయరు. వడ్డించాక పైన రెండు చుక్కలు వేసుకుంటారు, అంతే.

ఇందులో మాకు నవ్వొచ్చిన సంగతి ఒకటుంది. అక్కడ చౌక సరుకు ఖరీదైనదానిలా కనపడటానికి నల్లరంగు కలుపుతారు. ఇక్కడ నిఖార్సయిన సరుకు అమ్ముడుపోవడానికి తెల్లరంగు తెప్పిస్తారు. అక్కడ నలుపు అంటే ఓపిగ్గా కాచారని గుర్తు. ఇక్కడ నలుపు అంటే సారా బెల్లం.

బెల్లానికి రంగు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు చెప్తాం. అది చెరకు దగ్గరే మొదలవుతుంది. అనకాపల్లి పరిశోధనా కేంద్రం 1913 నుంచి చెరకు మీద పనిచేస్తోంది. విశ్వామిత్ర అని పిలిచే 87ఎ298, శారద అని పిలిచే 93ఎ145 అక్కడి నుంచి వచ్చినవే. రకం ఎంత మంచిదైనా, ఆఖరి నెలల దాకా యూరియా చల్లుకుంటూ పోతే రసం పక్వానికి రాదు. బెల్లం నల్లగా, జిగటగా వస్తుంది. ఉప్పు నేల, ఉప్పు నీరు తగిలిన తోట బెల్లం ఉప్పగానే ఉంటుంది. గాలివానకి పడిపోయిన చెరకు ఒక రంగు ఇస్తుంది, నిలబడిన చెరకు ఒక రంగు. నరికిన చెరకు ఆ రోజో మర్నాడో గానుగ ఆడాలి. మూడు రోజులు గట్టున ఎండితే లోపలి చక్కెర విరిగిపోతుంది. ఇక ఎంత కాచినా దిమ్మ సరిగ్గా కట్టదు.

రసం పెనంలో పోశాక కాస్త సున్నపు తేట పోస్తాం. చెరకు రసంలో సహజంగా కొంచెం పులుపు ఉంటుంది. సున్నం ఆ పులుపు విరుస్తుంది, దిమ్మ గట్టిపడుతుంది. సున్నం తక్కువైతే మెత్తన, ఎక్కువైతే రంగు ముదురు. బెండ మొక్కల కాండం దంచి నీళ్లలో పిసికితే జిగురు వస్తుంది. అది పోస్తే రసంలో ఉన్న మురికంతా తెట్టుగా పైకి తేలుతుంది. ఆ తెట్టు ఎంత ఓపిగ్గా తీస్తే బెల్లం అంత శుభ్రం. పనితనం సగం అక్కడే ఉంది. పొంగు వచ్చినప్పుడు ఒక చుక్క నూనె వేస్తే అణుగుతుంది. రెండు మూడు గంటలు పిప్పి ఎగదోస్తూ మంట నిలపాలి. చివర్లో పాకం చూసే మనిషి ఎవరితోనూ మాట్లాడడు. పాకం 118 డిగ్రీల దగ్గరికి వచ్చాక దింపాలని పుస్తకాల్లో ఉంది. ఆయన దగ్గర థర్మామీటరు ఉండదు. నీళ్ల పళ్లెంలో చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి, పళ్లెం అంచుకి కొట్టి చప్పుడు వింటాడు. కాస్త ముందు దింపితే దిమ్మ కట్టదు. కాస్త ఆలస్యమైతే మాడు వాసన. కొలిమి ముందు నిలబడే మీకు ఈ పని గురించి మేం ఎక్కువ చెప్పక్కర్లేదు. మా పెనం రేకు మాత్రం మీ ఫ్యాక్టరీది కాదు. మీరు చేసేవి కడ్డీలు, తీగలు. అది వేరే సంగతి.

ఇలా తీసిన బెల్లం తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఎలాగైనా ఉండొచ్చు. ఒకే రైతు ఒకే వారంలో దింపిన రెండు పెనాల బెల్లం అచ్చం ఒకే రంగులో రాదు. వంద దిమ్మలూ ఒకే లేత పసుపులో మెరుస్తున్నాయంటే ఆ రంగు చెరకు ఇచ్చింది కాదు.

దాన్ని ఇచ్చేది హైడ్రోస్. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల అద్దకం పనిలో రంగు విరవడానికి వాడే మందు. మరిగే రసంలో వేస్తే ముదురు రంగు విరిగి పసుపు తేలుతుంది. అయితే అలా విరిగిన రంగు పూర్తిగా పోదు. గాలి తగిలేకొద్దీ మళ్లీ తిరిగొస్తుంది. సంక్రాంతికి బంగారంలా ఉందని కొన్న దిమ్మ వానాకాలం వచ్చేసరికి మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. చెమ్మ లాగుతుంది. నాలుక మీద ఉప్పదనం తగులుతుంది. బెల్లంలో గంధకం మిగులుతుంది కూడా. సల్ఫర్ డయాక్సైడ్ కిలో బెల్లంలో 70 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా నిబంధన ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఈ గంధకపు మందులు పడవు, ఆయాసం వస్తుంది. నిబంధన కాగితం మీద ఉంది సరే, దిమ్మ వేలం వేసేటప్పుడు దాన్ని ఎవరు కొలుస్తున్నారు? అక్కడ పనిచేసేది కన్ను ఒక్కటే.

హైడ్రోస్ వేసే గానుగవాడిని దొంగగా నిలబెట్టడానికి ఈ సభ పెట్టలేదు. లెక్క చూడండి. 2025-26 సీజనుకి కేంద్రం చెరకుకి క్వింటాలు 355 రూపాయలు ఎఫ్.ఆర్.పి. ప్రకటించింది, 10.25 శాతం రికవరీకి. అది చక్కెర ఫ్యాక్టరీకి తోలిన చెరకుకే వర్తిస్తుంది. గానుగ ఆడిన చెరకుకి ఆ ధర ఇచ్చేవాడు లేడు. బెల్లానికి మద్దతు ధర లేదు. మన ప్రాంతంలో సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాక చాలా ఊళ్లకి గానుగే గతి అయింది. టన్ను చెరకు ఆడితే సుమారు 100 కిలోల బెల్లం దిగుతుంది. ఫ్యాక్టరీ లెక్కన ఆ టన్ను చెరకు విలువ 3,550 రూపాయలు. యార్డులో ధర 10 కిలోల లెక్కన పలుకుతారు కాబట్టి అలాగే చెప్పుకుందాం. 10 కిలోల బెల్లంలో చెరకు ఖరీదే 355 రూపాయలు. ఆ 10 కిలోలు 400 పలికిందనుకోండి. మిగిలిన 45 రూపాయల్లోనే గానుగ కిరాయి, పెనం దగ్గర మనుషుల కూలి, సున్నం, నూనె, బండి కిరాయి, ఎగుమతి దిగుమతి, కమీషను అన్నీ సరిపెట్టాలి. రంగు ముదురుగా ఉందని రకం దించి 40 రూపాయలు తగ్గించారనుకోండి, ఇంక ఏం మిగిలింది? కష్టపడి తెట్టు తీసి, మందు లేకుండా వండినవాడు నష్టపోతున్నాడు. గుప్పెడు పొడి వేసినవాడు గట్టెక్కుతున్నాడు. దీన్ని సరిచేయడం గానుగ దగ్గర ఒక్క చోటే అయ్యే పని కాదు. కొనే చెయ్యి కూడా మారాలి.

ఇక కొనే సంగతి. దిమ్మ పగలగొట్టి అమ్మే కొట్టులో కొనండి. పొట్లంలో పొడి బెల్లం, ముద్దుగా చేసిన చిన్న అచ్చులు చూడ్డానికి బాగుంటాయి గానీ, కొనేముందు లోపల ఎలా ఉందో చూసే వీలుండదు. పగిలిన చోట కళ్లు పెట్టండి. మంచి బెల్లం ఫట్‌మని విరుగుతుంది. లోపల రవ్వ కనిపిస్తుంది, వెలుతురుకి సన్నగా మెరుస్తుంది. గోరు గుచ్చితే దిగిపోయి, వేళ్లకి అంటుకుని సాగుతోందంటే విరిగిన చక్కెర ఎక్కువుంది, లేదా చెమ్మ పట్టింది. అది నిలవ ఉండదు. ఆ వారంలో వాడేసేలా అయితే తెచ్చుకోండి. పైన ఒక రంగు, లోపల బాగా తేడాగా తెల్లగా ఇంకో రంగు ఉంటే అనుమానించండి.

తర్వాత వాసన. గానుగ బెల్లానికి కాచిన చెరకు వాసన ఉంటుంది, వెనక కాస్త పొగ వాసన కూడా. పిప్పి మంట మీద కాచింది కదా, అది తప్పు కాదు. అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు తగిలితే మాత్రం పక్కన పెట్టేయండి. పులిసిన వాసన వస్తే నిలవ సరుకు.

ఆఖరికి నాలుక. చిన్న ముక్క నోట్లో వేసుకుని నమలకుండా కరగనివ్వండి. తీపి అన్నిటికీ తగులుతుంది. కరిగిపోయాక నోట్లో ఏం మిగిలిందో దాన్ని బట్టి బెల్లం తెలుస్తుంది. ఉప్పగా మిగిలితే ఉప్పు నేల చెరకైనా కావాలి, మందైనా కావాలి. చేదుగా మిగిలితే మాడింది, లేదంటే సున్నం ఎక్కువైంది. పంటి కింద ఇసుకలా తగిలితే మురికి సరిగ్గా తియ్యలేదు. ఉత్త తీపి తప్ప ఇంకేమీ మిగలకపోతే పంచదార కలిపి వండారేమో అని కొట్టువాడిని అడగండి. అతనికి తెలియకపోవచ్చు, కానీ నలుగురు అడిగితే అతను వర్తకుడిని అడుగుతాడు. మంచి బెల్లానికి తీపి వెనక కాస్త కారపు మెరుపు, కాల్చిన రుచి, గొంతులో వెచ్చదనం ఉంటాయి. ఒకసారి తెలిశాక మర్చిపోరు.

ఇంటికి తెచ్చాక ఒక ముక్క గాజు గ్లాసులో నీళ్లు పోసి కరిగించండి. బరువు కోసం, తెలుపు కోసం సుద్దపొడి కలిపి ఉంటే అడుగున తెల్లటి పొరలా పేరుకుంటుంది. కాస్త గోధుమ రంగు నలకలు ఉన్నంత మాత్రాన భయపడకండి, వడగట్టుకుంటే సరిపోతుంది. పరమాన్నంలో వేసినప్పుడు పాలు విరిగితే బెల్లం కల్తీదని వెంటనే తిట్టకండి. బెల్లానికి సహజంగానే కొంత పులుపు గుణం ఉంటుంది. పెద్దవాళ్లు గిన్నె దింపి, వేడి తగ్గాక కరిగించిన బెల్లం కలిపేది అందుకే.

కొనే కాలం కూడా ముఖ్యమే. సంక్రాంతి ముందు నుంచి ఉగాది దాకా కొత్త బెల్లం వస్తుంది. ఏడాదికి సరిపడా కొనదలిస్తే ఎండలు ముదిరేలోపు కొనండి. విశాఖ గాలికి బెల్లం నిలవుండటం కష్టం. సముద్రపు చెమ్మంతా లాగేసుకుంటుంది. పెద్ద దిమ్మ అలాగే ఉంచక, ముక్కలు కొట్టి, పొడిగా ఉన్న గాజు సీసాల్లోనో స్టీలు డబ్బాల్లోనో గాలి చొరకుండా బిగించండి. రోజూ తీసే డబ్బా వేరే పెట్టుకోండి. తడి చెయ్యి పెట్టిన డబ్బా శ్రావణం దాటదు.

తినే సంగతి మీకు మేం చెప్పాలా అనుకుంటారేమో. కానీ ఒకే బెల్లం అన్నిటికీ వాడటం మన పాత వంటింటి పద్ధతి కాదు. అరిసెలకి కొత్త బెల్లం కావాలి. పాకం సాగాలి, తడి పిండిని పట్టి ఉంచాలి. పాత బెల్లంతో చేసిన అరిసె నూనెలో విడిపోతే వండిన అక్కని తప్పు పట్టకండి. పరమాన్నానికి లేత రంగు బెల్లమే బాగుంటుంది, కాదనం. లేత రంగు చెరకు నుంచే వచ్చినప్పుడు అదీ మంచి బెల్లమే. చోడి అంబలికి, నువ్వుండలకి, వేరుశనగ అచ్చులకి ముదురు బెల్లం పెట్టి చూడండి. ఆ గింజల రుచికి నిలబడేది అదే. చింతపండు పులుసులో, పులిహోర గుజ్జులో నిమ్మకాయంత ముదురు బెల్లం వేస్తే పులుపు గుండ్రంగా తిరుగుతుంది. మోడెనా వాళ్లు పన్నెండేళ్లు పీపాలో దాచి తెచ్చే తీపి పులుపు జోడీని మన అమ్మలు చింతపండూ బెల్లంతో పావుగంటలో తెస్తున్నారు. దానికి సీసా లేదు, ముద్ర లేదు, ఎవరూ మార్కులు వెయ్యలేదు. గానుగ దగ్గరికి వస్తే ఇంకో రుచి ఉంది. దిమ్మ పాకం రాకముందే, ఇంకా జారుగా ఉన్నప్పుడు గరిటెతో తీసిన వేడి పాకం, కొబ్బరి ముక్కతో. అది పట్నానికి రాదు, మీరే రావాలి.

ఇంకో మాట. బెల్లం మందు అని, ఎంత తిన్నా ఏమీ కాదని చెప్పి అమ్మేవాళ్లున్నారు. మేం చెరకు రైతులమైనా అలా చెప్పం. పంచదారలో లేని కొన్ని ఖనిజాలు బెల్లంలో కొద్దిగా ఉంటాయి, నిజమే. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకి మాత్రం బెల్లమూ తీపే, పంచదారా తీపే.

నల్లబెల్లం మాటకి వద్దాం. మన దగ్గర దిమ్మ కాస్త ముదురుగా ఉంటే అది వంటింటికి కాదు, సారా బట్టీకే అన్న అనుమానం పాతుకుపోయింది. బండి ఆపుతారు, ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడుగుతారు. అందుకని చిన్న వర్తకుడు ముదురు సరుకు ముట్టుకోడు. సారా వల్ల ఎన్ని కొంపలు కూలాయో మాకు తెలుసు, సారా వ్యతిరేక ఉద్యమంలో మా అక్కచెల్లెళ్లే ముందు నడిచారు. కానీ సారా కాచేవాడికి పసుపు బెల్లమైనా పులుస్తుంది. తప్పు పులియబెట్టేవాడిది, బెల్లం రంగుది కాదు. ఆ మాటకొస్తే చెరకు రసం ఒక దశ పులిస్తే సారా సరుకు, ఇంకో దశ పులిస్తే వెనిగర్. ఫిలిప్పీన్స్‌లో ఇలోకోస్ ప్రాంతం వాళ్లు చెరకు రసం కాచి, జాడీల్లో పులియబెట్టి, సుకాంగ్ ఇలోకో అని వెనిగర్ చేసుకుంటారు. వాళ్ల వంటింట్లో అది మన చింతపండులా రోజూ కావలసిన సరుకు. చెరకు నుంచి తీయగలిగినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. మన దగ్గర ఆలోచన దిమ్మ దగ్గరే ఆగింది, అందులోనూ రంగు దగ్గర.

మరి ఏం కావాలని అడుగుతున్నాం? యార్డులో రకం నిర్ణయించేటప్పుడు గంధకం ఎంతుందో, చెమ్మ ఎంతుందో, మురికి ఎంతుందో పరీక్ష చేసి చెప్పే ఏర్పాటు కావాలి. కన్నుతో వేసే రకాలు పోవాలి. మందు లేని బెల్లానికి, అది ఏ రంగులో ఉన్నా, మొదటి రకం ధర రావాలి. గానుగ బెల్లానికి ఎఫ్.ఆర్.పి.తో ముడిపడ్డ మద్దతు ధర ఉండాలి. పేరు సంగతి కూడా ఉంది. కొల్హాపూర్ బెల్లానికి 2014లో, కేరళలో మరయూర్ బెల్లానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన ఏటికొప్పాక బొమ్మలకి, అరకు కాఫీకి కూడా ఉంది. అనకాపల్లి పేరు చెప్పుకుని ఎవరెవరో ఏదేదో అమ్ముతున్నప్పుడు పేరుకి కట్టుదిట్టం అవసరమే. అయితే పేరు ఒక్కటే అన్నీ చేసిపెడుతుందని మేం అనుకోవడం లేదు. మోడెనా వాళ్లకీ ఒక జర్మనీ సంస్థకీ మధ్య నడిచిన వ్యాజ్యంలో 2019 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఏం చెప్పిందో చూడండి. ఊరి పేరుతో కలిసిన పూర్తి పేరుకే రక్షణ, బాల్సమికో అన్న మాట ఒక్కదానికీ లేదు అంది. అంత కట్టుదిట్టమైన చోటే అలా ఉంది. వాళ్ల పై రకాన్ని నిలబెట్టింది ముద్ర కంటే ముందు, ఆ ముద్ర వెనకున్న రుచి చూసే బల్ల. పరీక్ష లేకుండా పేరు మాత్రం తెచ్చుకుంటే, ఆ పేరు కింద కూడా హైడ్రోస్ దిమ్మే అమ్ముడవుతుంది.

పన్ను చూడండి. 2022 జూలై నుంచి పొట్లం కట్టి చీటీ అంటించిన బెల్లం మీద 5 శాతం జి.ఎస్.టి. పెట్టారు. విడిగా తూచి అమ్మితే లేదు. ఏ ఊరు, ఏ గానుగ, ఏ తేదీ అని రాసి అమ్మండని ప్రోత్సహించాల్సింది పోయి, రాస్తే పన్ను అన్నారు. ఎవరు వండారో తెలియని సరుకుకే మేలు జరుగుతోంది.

2021లో ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకం నిర్ణయం వచ్చినప్పుడు మేం చెరకు పనులు ఆపుకుని మీ శిబిరాల్లో కూర్చున్నాం. ఇప్పుడు మేం అడిగేది అంతకంటే తేలిక. సెక్టార్లలో, కాలనీల్లో ఇరవై ముప్పై ఇళ్లు కలిసి ఒక గానుగతో మాట్లాడుకోండి. సీజనులో ఒకసారి వచ్చి పెనం చూడండి. మందు వెయ్యకుండా వండమని చెప్పి, ధర ముందే అనుకోండి. రంగు ఏది వస్తే అది తీసుకుంటామని మాటివ్వండి. ఆ ఒక్క మాట మీద గానుగవాడు హైడ్రోస్ డబ్బా పక్కన పెట్టగలడు. మా సంఘం మధ్యలో ఉండి ఊరి పేరు, గానుగ పేరు రాసి ఇస్తుంది. కమీషను తీసుకోదు.

అదిగో, ఆ బల్ల మీద మూడు పళ్లేలు పెట్టాం. మూడింటిలోనూ బెల్లమే. ఒకటి లేత పసుపు, ఒకటి తేనె రంగు, ఒకటి బాగా ముదురు. ఏ పళ్లెంలోది ఏ గానుగదో, ఏ దాంట్లో మందు ఉందో ఇప్పుడు చెప్పం. పక్కన నీళ్ల బిందె ఉంది. ఒక్కో ముక్క తిన్నాక నోరు పుక్కిలించి రెండోది తినండి. ఏది నచ్చిందో చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యండి. పిల్లల్ని ముందు రానివ్వండి, వాళ్లు రంగు చూసి మోసపోరు. చీటీలు లెక్కపెట్టాక పళ్లేల కింద ఉన్న పేర్లు చదువుతాం.